కౌలురైతు: రెండు దుర్బల ధాతువుల కథ

ఈ సాయంకాలము నేను మీకు ఒక మాటను గూర్చి చెప్పదలచితిని. అది పండితుల మాట కాదు. గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి నేలలలో ప్రత్తియో మిరపయో పండించువారి నోట ప్రతిదినమును వినబడు మాట. అది 'కౌలురైతు'. ఈ మాటలో రెండు పదములు కలవు. రెండును అరబ్బీ భాషనుండి వచ్చినవే. అంతే కాదు, రెండును ఆ భాషలో వైయాకరణులను వేయి సంవత్సరములకు పైగా వేధించిన ఒక ప్రత్యేకజాతి ధాతువులనుండి పుట్టినవి. ఆ ధాతువుల చరిత్ర తెలిసికొన్నచో మన తెనుగు మాటల చరిత్రయు కొంత తేటపడును. అందుచేతనే వానిని మీ ముందుంచుచున్నాను.

అరబ్బీ మాటలు కృష్ణకు దక్షిణముననున్న ఈ మైదానమునకు ఎట్లు వచ్చినవని మీరు అడుగవచ్చును. 1579లో కొండవీటి దుర్గము గోలకొండ సుల్తానుల వశమైనది. ఆ సీమకు ముర్తజానగరు అని పేరు పెట్టిరి. నాటినుండి శిస్తు లెక్కలలోను, న్యాయస్థానపు వ్యవహారములలోను పారసీకభాష వాడుకలోనికి వచ్చినది. పారసీకము అరబ్బీ పదములను వేలకొలదిగా తనలో కలుపుకొన్న భాష. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయినను, కంపెనీవారు కచ్చేరీ మాటలను మార్చలేదు. ప్రభువులు మాఱిరి, బాకీ, దావా, రాజీ, జారీ, మాఫీ అను మాటలు మాత్రము మన రైతు నోట నిలిచిపోయినవి.

అరబ్బీ పదనిర్మాణము మన పదనిర్మాణము వంటిది కాదు. మనము ధాతువునకు చివర ప్రత్యయము చేర్చుదుము. వారు మూడు హల్లులను ధాతువుగా గ్రహించి, వానిని ఒక అచ్చులో పోయుదురు. దృష్టాంతమునకు, చూచుట అను అర్థముగల ధాతువొకటి కలదు. దానియందలి మూడు హల్లులు మన నోట న-జ-ర అగును. 'నజరు' అనగా చూపు. 'నాజరు' అనగా చూచువాడు. కోర్టులో నాజరు ఉద్యోగము మీరెఱిగినదే. 'మంజూరు' అనగా చూడబడినది, చూచి అంగీకరింపబడినది. హల్లులు మూడును అవియే. అచ్చు మాత్రము వేఱు. ఇట్లు మూడు హల్లులును గట్టిగా నిలిచిన ధాతువులను వారు 'సహీహ్' అందురు. ఆరోగ్యముగలవి యని యర్థము. మనము దస్తావేజు క్రింద చేయు 'సహీ' కూడ ఈ మాటయే.

ఇక ఆరోగ్యము లేనివి కలవు. కొన్ని సంవత్సరముల క్రిందట గుంటూరులో అరబ్బీ బోధించుచుండిన వృద్ధుడైన మౌల్వీసాహెబుగారిని, "అయ్యా, బాకీ అను మాటకు ధాతువేది? అందు రెండు హల్లులే వినబడుచున్నవి గదా, మూడవది ఎక్కడ?" అని అడిగితిని. ఆయన నవ్వి, "పంతులుగారూ, మూడవది ఉన్నది గాని దానికి జబ్బు చేసినది" అనిరి. ఆయన హాస్యమాడుచున్నారనుకొంటిని. కాదు. వకార, యకారములను, వానితోపాటు దీర్ఘమైన ఆకారమును అరబ్బీ వ్యాకరణము 'హురూఫుల్ ఇల్లా' అని పిలుచును. ఇల్లా అనగా రోగము. అవి రోగాక్షరములు. ధాతువులో వకారమో యకారమో ఉన్నచో అది రోగిష్ఠి ధాతువు. అచ్చులో పోసినప్పుడు ఆ హల్లు ఒకచో కరగును, ఒకచో దీర్ఘమగును, ఒకచో మఱియొక హల్లుగా మాఱును. ఇంగ్లీషు గ్రంథములు వీనిని దుర్బల క్రియలనుచున్నవి.

ఇప్పుడు కౌలును చూతము. దీని ధాతువు క-వ-ల. పలుకుట అని యర్థము. 'కౌల్' అనగా పలికిన మాట, ఇచ్చిన మాట. భూమిని ఇంత కాలమునకు ఇంత మక్తాకు ఇచ్చెదనని ప్రభువు పలికిన మాటకే మొదట కౌలు అని పేరు. ఈ పదమందు వకారము 'ఔ'లో సగము దాగి, సగము వినబడుచున్నది. 'అతడు పలికెను' అనుటకు 'కవల' అని యుండవలెను. కాని అరబ్బులు 'కాల' అందురు. ఇటునటు అకారములుండుటచే నడుమ వకారము కరగి దీర్ఘమైనది. ఇట్టి ధాతువులకు వారు 'బోలు ధాతువులు' అని పేరు పెట్టిరి. నడుమ డొల్ల గదా! 'నేను పలికితిని' అనుటకు 'కుల్తు' అందురు. ఇచ్చట వకారము లేదు, దీర్ఘమును లేదు. కాని ఉకారమొకటి వచ్చి, ఇచ్చట వకారముండెడిదని గురుతు చెప్పుచున్నది. దర్గాలయందు పాడు 'కవ్వాలీ' కూడ ఈ ధాతువునుండి వచ్చినదే. అందు వకారము జంటయై ఏ రోగమును లేక నిలిచినది.

మనకు ఇది వింత కాదు. సంస్కృతమున పలుకుట అను అర్థముననే 'వచ్' ధాతువు కలదు. దానినుండి 'వచనము' వచ్చినది, 'ఉక్తము' వచ్చినది. వకారము ఉకారమగుటను పాణినీయులు సంప్రసారణమనిరి. అట్లే 'యజ్' నుండి 'ఇష్టి'. వకారము ఉకారమునకు, యకారము ఇకారమునకు సోదరులవంటివి. ఏ దేశమందైనను మానవుని నోరు ఒక్కటే గదా. పెదవులు కొంచెము బిగిసిన వకారము, కొంచెము సడలిన ఉకారము.

రెండవ పదము రైతు. దీని ధాతువున మొదట రేఫ, నడుమ గొంతున పలుకు 'ఐన్' అను హల్లు, చివర యకారము. పశువులను మేపుట, కాపాడుట అని యర్థము. 'రఇయ్యత్' అనగా కాపరి కాపాడు మంద. పిదప, రాజు కాపాడవలసిన ప్రజ. పిదప, పన్ను కట్టు సేద్యగాడు. ఐన్ అను హల్లు మన నోట పలుకదు గనుక పోయినది. చివరి రోగాక్షరమైన యకారము మాత్రము మన 'రైతు'లోని ఐకారమున బ్రతికియున్నది. బలమైన హల్లు పోయి దుర్బలమైన హల్లు మిగిలినది! పేరును బట్టి బలాబలములు నిర్ణయింపరాదని దీనివలన తెలియుచున్నది.

ఇట్లే తక్కిన మాటలును. చూచువాడు అనుటకు నాజరు అను అచ్చు ఏదో, ఆ అచ్చులో పోసినవే బాకీ, రాజీ, ఖాళీ, ఖాయము. బాకీ అనగా మిగిలియున్నది. రాజీ అనగా ఇష్టపడినవాడు. ఖాళీ అనగా శూన్యముగా నున్నది. ఖాయము అనగా నిలిచియున్నది. నిలుచు చోటైన 'మకాము'ను దీని తోబుట్టువే. వీనిలో దాగిన హల్లులను కనుగొనుటకు ఒకటే ఉపాయము: తోబుట్టువులను పిలిచి అడుగుట. బాకీలో దాగిన యకారము 'బకాయి'లో బయటపడుచున్నది. రాజీలో దాగిన వకారము 'రిజ్వాన్' అను పేరున నిక్కచ్చిగా వినబడుచున్నది. ఖాళీలోని వకారము హైదరాబాదులోని 'ఖిల్వత్' అను పేరున కలదు; ఏకాంతస్థలమని దాని యర్థము.

అయితే ఈ వెదుకులాటలో మోసపోవుటయు సులభమే. 'దావా'లో వకారము కలదు, 'దువా'లో వకారము కలదు. రెండును పిలుచుట అను ఒక్క ధాతువునుండి పుట్టినవే. ఒకటి న్యాయస్థానమునకు పెట్టుకొన్న మొఱ, మఱియొకటి దేవునికి పెట్టుకొన్న మొఱ. కాని దావాలోని వకారము ధాతువుది, దువాలోనిది కాదు. ధాతువు చివరనుండిన వకారము 'దుఆ' అను రూపమున మాసిపోయినది. మన నోట ఉకారము వెంట ఆకారము పలుకలేక నడుమ చేర్చుకొన్న వకారము అది. చెవికి ఒక్కటిగా వినబడినంతమాత్రమున పుట్టుక ఒక్కటి కాదు.

ఈ విద్యను శాస్త్రముగా నిర్మించినవారు ఎనిమిదవ శతాబ్దమున బస్రా నగరమందుండిన ఖలీల్ బిన్ అహ్మదు, ఆయన శిష్యుడు సీబవైహి. సీబవైహి పారసీకుడు. పరభాషీయుడగుటచే గాబోలు, అరబ్బులు ఆలోచింపక పలుకు పలుకును ఆయన ఆలోచించి చూచెను. ప్రతి వికృతరూపమునకును ఒక మూలరూపమును కల్పించి, మూలమునుండి వికృతికి దారి చూపు నియమములను వారు కూర్చిరి. 'కాల'కు మూలము 'కవల'. ఇది మన లాక్షణికులు స్థాని, ఆదేశము అని చెప్పు పద్ధతి వంటిదే.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. ఈ మూలరూపమును ఒకప్పుడు నిజముగా ఎవరైనను పలికిరా? లేక ఇది శాస్త్రకారుని ఊహయేనా? ఈ ప్రశ్నను స్పష్టముగా వేసి సమాధానము చెప్పినవాడు మోసుల్ నగరమున జన్మించి 1002లో మరణించిన ఇబ్న్ జిన్నీ. నిలుచుట అను ధాతువును దృష్టాంతముగా తీసికొని, 'కామ'కు మూలము 'కవమ' అని మేము చెప్పినంతనే, పూర్వులు కొంతకాలము అట్లు పలికి పిదప మానిరని భావింపకుడు, అది బుద్ధిచే కల్పించుకొన్న క్రమమేగాని కాలక్రమము కాదు అను అభిప్రాయమును ఆయన తన 'అల్ ఖసాయిస్' గ్రంథమున వెలిబుచ్చెను. వేయేండ్ల క్రిందట ఇంత తేటగా చెప్పిన వైయాకరణుని నేను మఱియొకని ఎఱుగను.

ఆధునిక భాషాశాస్త్రము ఈ ప్రశ్నను రెండు మార్గముల విచారించినది. మొదటిది చారిత్రక మార్గము. ఇచ్చట ఊహ చాలదు, సాక్ష్యము కావలెను. సిరియాకు దక్షిణమున, జోర్డానునకు ఈశాన్యమున నల్లరాతి యెడారి కలదు. అందు సుమారు రెండువేల యేండ్ల క్రిందట పశువుల కాపరులు రాళ్లపై చెక్కిన లేఖనములు వేలకొలదిగా దొరికినవి. వానిని సఫాయితిక లేఖనములందురు. వారు వ్రాసికొన్నదేమి? తమ పేరు, తాతముత్తాతల పేర్లు, మంద మేపితినని ఒక మాట. ఆ 'మేపెను' అను క్రియ చివర యకారము స్పష్టముగా చెక్కబడియున్నది. తరువాతి అరబ్బీలో అది కరగి 'రఆ' అయినది. మన రైతు అను మాటకు మూలమైన ధాతువే అది! శాస్త్రకారులు ఊహించిన హల్లును, ఆ శాస్త్రము పుట్టుటకు పూర్వమే, అక్షరశాలకు పోయియెఱుగని గొఱ్ఱెలకాపరి రాతిపై నిలిపియుంచెను. ఇథియోపియా దేశపు ప్రాచీనభాషయైన గీజు కూడ ఇట్టి సాక్ష్యమే చెప్పును. 'ఏడ్చెను' అనుటకు అరబ్బీ 'బకా', గీజు 'బకయ'.

కాని బోలు ధాతువుల సంగతి వేఱు. 'నిలిచెను' అనుటకు అరబ్బీలో 'కామ', హీబ్రూలో 'కామ్', గీజులో 'కోమ'. 'కవమ' అని నిండుగా ఈ మూడింట ఏ భాషయు పలుకదు. కనుక చివర యకారముగల క్రియలయెడల శాస్త్రకారుని ఊహ చరిత్రకు సరిపోయినది. నడుమ వకారముగల వానియెడల ఇబ్న్ జిన్నీ హెచ్చరికయే మనకు శరణ్యము.

రెండవ మార్గము, పలుకువాని మనస్సులోని వ్యవస్థను విచారించునది. నోమ్ చామ్స్కీ, మోరిస్ హాలీ అను వారు 1968లో ఇంగ్లీషు ధ్వనులపై ప్రకటించిన గ్రంథమున, ఉచ్చరించు రూపమునకు వెనుక ఒక అంతర్గత రూపముండుననియు, క్రమబద్ధములైన నియమములచే ఒకటి మఱియొకటి యగుననియు ప్రతిపాదించిరి. 1970లో మైకేల్ బ్రేమ్ ఆ పద్ధతిని అరబ్బీ క్రియలకు అన్వయించెను. 1981లో జాన్ మెకార్తీ, ధాతువు హల్లులు ఒక వరుసగను, అచ్చు మఱియొక వరుసగను మనస్సున నుండునని నిరూపింప యత్నించెను. చదువరులు వీరిని క్రొత్తవారనిరి. కాని బస్రా వీథులలో వారికి పూర్వులు కలరు.

ఇక మన యింటికి వత్తము. మన తెనుగున రోగిష్ఠి ధాతువులు లేవా? 'వచ్చెను' అందుము, 'రాడు' అందుము, 'రమ్ము' అందుము. వచ్చుటలో రేఫ ఎక్కడ? రాకలో వకారమెక్కడ? వచ్చుటకు 'రా' అని ఆదేశము చెప్పి లాక్షణికులు ఊరకుండిరి. తోబుట్టువులను పిలిచి అడుగుదము. తమిళులు 'వా' అందురు, 'వరు' అందురు. కన్నడిగులు 'బా' అందురు, 'బరు' అందురు. రేఫయు వకారమును అచ్చట కలసియే యున్నవి. 'వర' అనునది తెనుగున 'వ్రా' అయి, పిదప వకారము జారి 'రా' అయినదని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము.

ఈ నిర్ణయములకు మూలపురుషులలో ముఖ్యులు ఈ మైదానమున, ఒంగోలులో, 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు. 1961లో ప్రకటితమైన ఆయన ఇంగ్లీషు గ్రంథము తెలుగు క్రియాధాతువులను తక్కిన ద్రావిడభాషలతో పోల్చి పరిశీలించినది. 2003లో కేంబ్రిడ్జివారు ప్రకటించిన ద్రావిడభాషల గ్రంథమున ఆయన మఱియొక మెట్టు ఎక్కిరి. వచ్చు, తెచ్చు, చచ్చు మొదలగు క్రియల అక్రమత్వమునకు, మూలద్రావిడమున ఉండి పిదప నశించిన ఒక దుర్బలమైన కంఠధ్వని కారణమై యుండుననియు, ప్రాచీన తమిళమున 'ఆయ్దము' అను వర్ణము దాని శేషమనియు సూచించిరి. దాగిన హల్లును లెక్కించి, అక్రమమునందు క్రమమును చూపుట! మౌల్వీసాహెబుగారు విన్నచో, "మీ భాషకును జబ్బే" అనియుందురు.

శ్రోతలారా, ఇది జబ్బా? నేను ఇంత దూరము మిమ్ము తీసికొనివచ్చినది ఈ ప్రశ్న కొఱకే.

చిన్ననాట పల్లెటూరి బడిలో నేను పలకపై 'పత్తి' అని వ్రాసితిని. మా యింట అందఱు పలుకునది అదే. పంతులుగారు దానిని తుడిచివేసి, 'ప్రత్తి' అని వ్రాయించి, "ప్రత్తి పండించువారికి ప్రత్తి పలుక రాదు" అని తరగతి నవ్వునట్లు పలికిరి. ఆ నవ్వు నేటికిని నాకు వినబడును. మా నాయనగారికి ఆ మాట చెప్పలేదు. ఆయనయు 'పత్తి' యనువారే గదా. చాలకాలమునకు తెలిసినది, తమిళులు 'పరుత్తి' అందురని. అందు రేఫపై నున్న ఉకారము జాఱి, 'ప్రత్తి' అయినది. ఆ రేఫయు జాఱి, 'పత్తి' అయినది. తమిళుల 'మరము' మనకు 'మ్రాను' అయి, 'మాను' అయినట్లు. వారి 'విరల్' మనకు 'వ్రేలు' అయి, 'వేలు' అయినట్లు. పంతులుగారి రూపము శుద్ధమును, మా నాయనగారి రూపము భ్రష్టమును కావు. రెండును ఒకే బాటలోని రెండు మైలురాళ్లు. మొదటి రాయికడ నిలిచి రెండవ రాయికడ నున్నవానిని చూచి నవ్వుట తగదు. నవ్వదలచినచో, 'పరుత్తి' యనువాడు మన యిద్దఱిని చూచి నవ్వవచ్చును.

నేను ఈ ప్రసంగమును గ్రంథభాషలో చేయుచున్నాను. ఈ భాషపై నాకు గౌరవము కలదు. పెద్దలు నాటిన మైలురాళ్లను కాపాడుట మంచిదే. అవి లేనిచో బాట వచ్చిన దిక్కు తెలియదు. కాని మైలురాయి బాట కాదు. వ్యాకరణపు మూలరూపము విచారించుటకు సాధనము. ఎదుటివానిని చిన్నబుచ్చుటకు ఆయుధము కాదు. మూలము అన్నంతనే పూర్వకాలపు పవిత్రరూపమని భ్రమింపకుడని ఇబ్న్ జిన్నీ చెప్పిన మాట బడిపంతుళ్లందఱు గోడపై వ్రాసికొనదగినది.

మరల మన కౌలురైతు కడకు వచ్చి ముగించెదను. కౌలు అనగా పలికిన మాట యని చెప్పితిని. నేటికిని ఈ చేలలో చాలమంది కౌలుదారులకు కాగితము లేదు. గట్టుపై నిలిచి భూస్వామి పలికిన మాటయే ఆధారము. వేయి మైళ్లు నడచి, మూడు భాషల నోళ్లలో నాని, తన మూడు హల్లులలో ఒకదానిని సగము పోగొట్టుకొని వచ్చినను, ఆ పదము తన మొదటి అర్థమును మాత్రము పోగొట్టుకొనలేదు. ధ్వని మాఱుట రోగము కాదు, అది నియమము. ఇచ్చిన మాట మాఱుటయే రోగము. కౌలులోని వకారము సన్నగిల్లినను ఎవనికిని నష్టము లేదు. కౌలు సన్నగిల్లినచో, మిరపతోటలో అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడు బాకీ అను పదమునకు ఉదాహరణ మగును.